కారులో మురిగిన గుడ్ల కంపు

మిర్చి కొనేవాడు బస్తా విప్పగానే పై కాయల్ని పక్కకి నెట్టి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు కాయని బయటికి లాగి చూస్తాడు. పైన ఎర్రటివి పేర్చి కింద తాలుకాయలు నింపుతారని వాడికి తెలుసు. నేను పండించి అమ్మేవాణ్ణే అయినా ఆ చూపు నాకూ అంటుకుంది. మనుషుల్ని కూడా అడుగు దాకా కెలికి గానీ వదలను. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. నేను జాగ్రత్త అంటాను.

నిరుడు ఆమె తమ్ముడు తన పాత పెట్రోలు కారు మాకు అమ్మాడు. మార్టూరులో రాళ్లు పాలిష్ చేసే చోట సూపర్‌వైజరు వాడు. "బయటివాళ్లకి ఎందుకు బావా, అక్కే తిరుగుతుంది" అని తక్కువకే ఇచ్చాడు. పుట్టింటి వైపు మా ఆవిడకి మిగిలింది వాడొక్కడే. ఆ మాట మరీ తియ్యగా ఉండటంతో నాకు అప్పుడే కొంచెం అనుమానం వచ్చింది.

కొన్ని నెలలు బాగానే నడిచింది. ఒక రోజు ఒంగోలు వెళ్తుంటే, ఇంజను బాగా వేడెక్కాక, మురిగిన గుడ్ల కంపు కొట్టింది. అంతకుముందు డిక్కీలో బూడిద తెగులుకి కొట్టే గంధకం పొడి తెచ్చాను, అదే అనుకున్నాను. డిక్కీ కడిగి ఎండబెట్టాను. మర్నాడు పొలం దాకా వెళ్తే వాసన లేదు. గుంటూరు దాకా వెళ్తే మళ్లీ వచ్చింది. దగ్గరికి వెళ్తే దాక్కుని దూరం వెళ్తే బయటపడుతోందంటే అది గంధకం పని కాదు.

తరవాత లాగడం తగ్గింది. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు ఎక్సలేటరు ఎంత తొక్కినా ఎవరో వెనక నుంచి పట్టుకుని ఆపుతున్నట్టు ఉండేది. మీటర్ల దగ్గర ఇంజను బొమ్మతో పసుపు లైటు వెలిగి, ఇక ఆరలేదు. పక్క సీట్లో చెప్పులు వదిలి కూర్చున్న మా ఆవిడ కాళ్లు పైకి తీసుకుని, "కింద కాలుతోందండీ" అంది.

టీకొట్టు దగ్గర ఒకాయన అసలు సంగతి చెప్పాడు. పొగ పోయే గొట్టానికి కన్వర్టర్ అని ఒక డబ్బా ఉంటుందట, పొగని శుభ్రం చేస్తుందట. దాంట్లో ఖరీదైన లోహం ఉంటుందని కొందరు కోసి అమ్ముకుని, డూప్లికేటు బిగిస్తారట. నాకు ఆ మాట చాలు. ఇంటికొచ్చి కారు కింద గోనెపట్టా పరుచుకుని, వెల్లకిలా పడుకుని, సెల్లు లైటు వేసి చూశాను. డబ్బా ఉంది. ఉన్నా నమ్మలేదు.

"మీ తమ్ముడు అసలుది అమ్ముకుని, డూప్లికేటు తగిలించి మనకి అంటగట్టాడు" అన్నాను మా ఆవిడతో.

"వాడలాంటివాడు కాదండీ."

"నీకు బస్తాలో పై కాయలే కనపడతాయి."

వారం రోజులు అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా నేను అదే పాట పాడాను. కాస్త నోరు కట్టేసుకుంటే నా సొమ్మేం పోయేది?

నేను ఎవరినీ నమ్మను గనక నాకు నమ్మకమైన మెకానిక్ అంటూ లేడు. పని మొత్తం నా కళ్ల ముందే చెయ్యాలని షరతు పెట్టి, గుంటూరులో ఒకతని దగ్గరికి తీసుకెళ్లాను. బండి చల్లారాక అతను రబ్బరు సుత్తితో ఆ డబ్బాని మెల్లగా తట్టాడు. ఎండు మిరపకాయ ఊపితే గింజలు కదిలినట్టు లోపల గలగలమంది.

"లోపల ఇటుకలాంటిది ఉంటదండి, అది పగిలిపోయింది. పొగ పోయే దారి మూసుకుపోయింది. అందుకే లాగట్లేదు, కింద అంత వేడి, ఆ గుడ్ల కంపు కూడా అందుకే."

"డూప్లికేటే కదా?"

"కాదండి. కారుతో పాటు వచ్చిందే. దీని మీద కంపెనీ నంబరు చూడండి."

చూశాను. రెండుసార్లు చూశాను. అప్పుడతను బానెట్ ఎత్తి, ఇంజనాయిల్ ఎంతుందో చూసే పుల్ల బయటికి తీసి నా చేతికిచ్చాడు.

"ఆయిల్ ఎవరు పోస్తారండి?"

"నేనే. నెలనెలా."

"గీత దాటి ఇంత ఎత్తున ఉందేంటండి?"

మా బావి దగ్గర ఆయిలింజనుకి మా నాన్న ఎప్పుడూ కాస్త ఎక్కువే పోసేవాడు. తక్కువైతే ఇంజను పట్టేస్తుంది, ఎక్కువైతే పోయేదేముంది అనేవాడు. పంపుసెట్టుకి పోసిన చేత్తోనే నేను కారుకీ పోస్తూ వచ్చాను. ఆ ఎక్కువైన నూనె ఇంజనులో కాలి, దాని మసి డబ్బాలో పేరుకుని, డబ్బా మాడి పగిలిందని మెకానిక్ చెప్పాడు. అతన్ని కూడా అనుమానిద్దామని చూశాను. కానీ నూనె కారుతున్న పుల్ల నా చేతిలోనే ఉంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా మా ఆవిడకి జరిగింది జరిగినట్టు చెప్పాను. "తప్పు నాదే. వాడికి ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను" అన్నాను. నన్ను దులిపేస్తుందనుకున్నాను. ఆమె మంచం మీద కూలబడింది.

"మొన్న మీరు మిర్చి యార్డుకి వెళ్లినప్పుడు వాడు వచ్చాడండీ. కారు ఎలా ఉందక్కా అన్నాడు. గుమ్మంలోనే నిలబెట్టి, సొంత అక్కని మోసం చేశావు గదరా అన్నాను. మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపేశాను."

"వాడలాంటివాడు కాదని నువ్వేగా అన్నావు?"

"అన్నాను. మీరు రోజూ చెబుతుంటే నమ్మేశానండీ."