రాహుకాలంలో ఆగిన ప్రకటన

దెయ్యాల మాట ఎత్తితే నాకు నవ్వొచ్చేది. చిన్నప్పుడు మా వీధిలో ఎవరికో గాలి సోకిందని వేపమండలు పట్టుకుని తిరుగుతుంటే, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి అని పెద్దవాళ్లతో తగువు పెట్టుకున్న మనిషిని. ఇప్పుడు మాత్రం నమ్ముతున్నానని ఎందుకు చెప్పాలి? జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

ఏలూరులో మా ఇంట్లోనే కూర్చుని పనిచేస్తాను. జిల్లా వార్తలు వేసే ఒక వెబ్‌సైటుకి ప్రకటనలు చూసుకోవడం నా ఉద్యోగం. ఏ ఊరివాళ్ల ఫోన్లో ఏ ప్రకటన కనపడాలో తేల్చేది యాడ్ సర్వర్. మొదట్లో ఒక్కొక్కటీ మౌస్‌తో నొక్కి పెట్టేదాన్ని. చేపల మేత, పామాయిల్ మొక్కలు, తాడేపల్లిగూడెం చీరల కొట్లు. నొక్కీ నొక్కీ వేళ్లు పడిపోయేవి. తర్వాత ఏపీఐ వాడటం నేర్చుకున్నాను. అంటే ఇక మనం నొక్కక్కర్లేదు. మనం రాసిన ప్రోగ్రామే సర్వర్‌తో మాట్లాడి, పెట్టాల్సినవి పెడుతుంది, ఆపాల్సినవి ఆపుతుంది.

అయితే మా కొట్లవాళ్లకో పట్టింపు ఉంది. ప్రకటన రాహుకాలంలో మొదలవకూడదు. చేపల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు అమ్మే ఆయనైతే, వేళ చూసుకోకుండా వేశానని ఒకసారి నా మీద ఇంతెత్తున లేచాడు. ఎవరి పిచ్చి వాళ్లకానందం అనుకుని, ఆ సంగతి ప్రోగ్రాంలోనే రాసిపడేశాను. రాహుకాలంలో కొత్త ప్రకటన ఏది వచ్చినా, ఆ వేళ దాటేదాకా ఆపి, తర్వాతే వదలాలి.

మొన్న వేసవిలో ఒక గురువారం మా అత్తగారు తప్పిపోయారు.

ఆవిడకి ఏడాదిగా మతిమరుపు. షుగర్ కూడా ఉంది. మా ఇద్దరికీ పొద్దున లేస్తే ఏదో ఒక కీచులాట ఉండాల్సిందే. అలాగని ఆవిడ లేకపోతే నాకు పొద్దుపోదు. తాడేపల్లిగూడెంలో చుట్టాల పెళ్లికి మా ఆయన వెంట వెళ్లారు. పని తెమలక నేను ఉండిపోయాను. టిఫిన్ల సందడిలో ఆవిడ కల్యాణమండపం నుంచి బయటికి నడిచి వెళ్లిపోవడం ఎవరూ చూడలేదు. పోలీసులకి చెప్పి, స్టేషనూ బస్టాండూ గాలించి, మధ్యాహ్నం అయ్యాక మా ఆయన నాకు ఫోన్ చేశారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. తిండీ నీళ్లూ లేకుండా ఆవిడ సాయంత్రం దాకా తట్టుకోలేరని ఇద్దరికీ తెలుసు.

అక్కణ్నుంచి నాకు చేతనైంది ఒక్కటే. ఆవిడ కళ్లజోడుతో, మెరూన్ పట్టుచీరలో ఉన్న పాత ఫొటో వెతికి, నా నంబరు వేసి ప్రకటన తయారుచేశాను. అన్ని ఊళ్లకీ ఒకేసారి వెళ్లాలని ప్రోగ్రాంకి అప్పజెప్పాను. తీసుకున్నట్టు జవాబొచ్చింది. ఇక చుట్టాలకి ఫోన్లు చేస్తూ, కూర్చోలేక, నిలబడలేక ఇల్లంతా తిరిగాను.

రెండు దాటాక కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. పేరు మంగ అట. ముదినేపల్లి దగ్గర వాళ్లకి చేపల చెరువులున్నాయట.

"ఏవండీ, మీరు వెతుకుతున్న పెద్దావిడ మా చెరువు గట్టు మీద ఉన్నారండి. ఫొటోలో ఉన్నట్టే నెత్తిన నీలం తువ్వాలు ఉందండి. దాన్నిబట్టే పోల్చాను," అంది.

ఫొటోలో తువ్వాలు ఎక్కడిది? కంగారులో ఏదో అంటోందనుకున్నాను. ఆవిణ్ని నీడకి చేర్చి డాక్టర్ని పిలవమని బతిమాలి, మా ఆయనకి కబురు చెప్పి, పక్కింటివాళ్ల కారులో బయల్దేరాను.

కైకలూరు రోడ్డెక్కామో లేదో మళ్లీ మా ఆయన ఫోన్. పెళ్లివాళ్లంతా చూస్తున్నారట, ఎవరి ఫోన్లోనూ ప్రకటన రాలేదట. "ప్రకటనే రాకపోతే ఆ మనిషికి నీ నంబరెలా తెలిసింది? ఎవరో ఆటలాడుతున్నారేమో," అన్నారు.

లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చూశాను. ప్రకటన ఆగి ఉంది. గురువారం ఒంటిగంటన్నర నుంచి మూడింటిదాకా రాహుకాలం. నేను రాసిన ప్రోగ్రామే మా అత్తగారి ఫొటోని ఆపేసింది. అది ఒక్కరికంటే ఒక్కరికి కూడా కనపడలేదు. ఏడుపొచ్చింది. అక్కడికక్కడే చేత్తో వదిలాను. దారికి రెండు పక్కలా కొల్లేటి నీళ్లు, చెరువులు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

ఆవిడ అక్కడే ఉన్నారు. మోటారు షెడ్డులో మంచం మీద పడుకోబెట్టి, ఊళ్లో డాక్టరు సెలైన్ ఎక్కిస్తున్నాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదన్నాడు. పెళ్లికి కట్టుకెళ్లిన ఆకుపచ్చ చీర, తలకి నీలం తువ్వాలు. ఆ మంచం పక్కనే కూలబడి ఏడ్చేశాను.

కాస్త తేరుకున్నాక మంగని అడిగాను. అన్నం తిని, ఫోన్లో చేపల రేటు చూస్తుంటే ఫొటో కనపడిందట. తర్వాత భర్తకి క్యారేజీ పట్టుకుని గట్టు మీదకి వస్తే ఈవిడ కనపడ్డారట. నా ప్రకటన చూపించాను.

"ఇది కాదండీ. నేను చూసిందాంట్లో ఈ ఆకుపచ్చ చీరేనండి. నెత్తిన తువ్వాలు, వెనకాల మా చెరువు. కింద మీ నంబరు," అంది.

అప్పటికి తన ఫోన్లో కూడా మెరూన్ చీర ఫొటోయే వస్తోంది. వేరే ఫొటో ఎంత వెతికినా దొరకలేదు. సర్వర్ వాళ్లని అడిగితే, నేను వదిలేదాకా ఆ ప్రకటన ఎక్కడా పడలేదన్నారు. తువ్వాలు మాది కాదు, మంగవాళ్లదీ కాదు. తాడేపల్లిగూడెం నుంచి అంత దూరం ఆవిడ ఎలా వచ్చారో అసలే తెలియదు.

సెలైన్ అయ్యాక ఆవిడ కళ్లు తెరిచారు. ఉండబట్టలేక, ఇలా చెప్పకుండా వచ్చేస్తే ఎలా అత్తయ్యగారూ అని కోప్పడ్డాను. ఆవిడ నన్ను వింతగా చూశారు.

"అదేంటే, తువ్వాలు కప్పి, ఫొటో తీసి, ఇక్కణ్నుంచి కదలొద్దని చెప్పింది నువ్వే కదా. ఇంతసేపు చేశావేం?"

మతిలేని మాటలని మా ఆయన కొట్టిపారేస్తారు. అయ్యుండొచ్చు. ఫోన్ వచ్చేదాకా నేను ఏలూరులో మా ఇంటి గడప దాటలేదు. ఇది ఎటునుంచి ఆలోచించినా నాకు అంతుపట్టదు.

మా అత్తగారు ఇప్పుడు పొద్దున తిన్న టిఫిన్ మధ్యాహ్నానికి మరిచిపోతున్నారు. అప్పుడప్పుడూ మనవరాలి పేరు కూడా. కానీ ఇంటికి ఎవరొచ్చినా, మా కోడలు నన్ను ఎండలో కూర్చోబెట్టి పోయిందండీ అని చెప్పడం మాత్రం ఒక్కసారీ మరవలేదు.