బొటనవేలితో రిపేరు

నాకు కోపం ఎక్కువ అంటారు. ఎక్కువేం కాదు, కాస్త తొందరగా వస్తుంది, అంతే. తొంభైల మొదట్లో మా మేనమామ వీడియో గేమ్ మిషన్‌తో నేను పడ్డ పాట్లు ఎవరు పడ్డా వాళ్లకూ వచ్చేది.

అప్పటికి నేను రేడియో, టీవీ రిపేరు కోర్సు చదివి, సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి, జోడ్‌భావి పేట్‌లో నాలుగడుగుల దుకాణం పెట్టి రెండేళ్లయింది. మా ఇంటిల్లిపాదీ మగ్గం మీద బతికినవాళ్లు. మగ్గం వదిలి సోల్డరింగ్ ఐరన్ పట్టిన మొదటివాణ్ణి నేనే కాబట్టి కొంచెం మెడ ఎత్తే నడిచేవాణ్ణి.

మామ కుంఠా నాకా దగ్గర ఒక గదిలో సోడాలు, బిస్కెట్లు అమ్మేవాడు. ఎక్కడో మూతపడ్డ హోటల్లోంచి పాత వీడియో గేమ్ మిషన్ ఒకటి టెంపోలో వేసుకొచ్చి, గదిలో గోడకు ఆనించి నిలబెట్టాడు. బీరువా అంత ఎత్తు. తెర మీద పైనుంచి పురుగులు వరుసలు కట్టి దిగుతుంటాయి, కింద నుంచి బటన్ నొక్కి వాటిని కాల్చాలి. ఆట అంతే. దానికే పిల్లలు, పెద్దలు అని లేకుండా పేట మొత్తం ఎగబడింది.

మొదటి వారం బాగానే ఆడింది. రెండో వారం నుంచి తెర మీద అక్షరాలు చెదరడం మొదలైంది. పురుగులు చక్కగా దిగేవి, బటన్ చక్కగా పేలేది. అంకెలూ అక్షరాలూ మాత్రం తంబాకు చల్లినట్టు చుక్కలు చుక్కలైపోయేవి. ఎన్ని కొట్టామో తెలియకపోతే ఆడేదెవడు?

నేను వెళ్లి, వెనక తలుపు తీసి, బోర్డు ఊడదీసి, సైకిల్ మీద దుకాణానికి తెచ్చాను. తంటాలు పడి ఒక పాత తెరకు కలిపి చూస్తే అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. పొద్దంతా చూశాను, ఒక్కటీ చెదరలేదు. తీసుకెళ్లి మిషన్‌లో బిగిస్తే పది నిమిషాల్లో మళ్లీ చుక్కలు. ఇలా నాలుగుసార్లు జరిగింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట నాలుగుసార్లూ గెలిచి, రచ్చలో నాలుగుసార్లూ ఓడాను.

మొదట దూది పీచు మీద నేరం మోపాను. మా పేటలో గాలి సగం, పీచు సగం. బోర్డును పెట్రోల్‌తో కడిగాను. తర్వాత కరెంటు మీద మోపి, మామ చేత స్టెబిలైజర్ కొనిపించాను. ఆ తర్వాత బోర్డు అంచున ఉన్న రాగి గీతలను పెన్సిల్ రబ్బరుతో తళతళలాడేలా రుద్దాను. చివరికి అతుకులన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ కరిగించి అతికాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అల్లుడా నీ వ్యవహారం అన్నాడు మామ. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది, కోపంతో సహా.

మామ వైద్యం వేరే. మిషన్‌కు నిమ్మకాయ కట్టాడు, పొద్దున్నే ఊదుబత్తి వెలిగించేవాడు, అక్షరాలు పోగానే ఎడమ చెంప మీద ఒక్కటి కొట్టేవాడు. కొట్టగానే నిమిషంపాటు అక్షరాలు వచ్చేవి. అది చూసి నాకు ఒళ్లు మండేది. "అది బోర్డు మామా, బర్రె గాదు" అన్నాను. చదువుకున్నవాడి ముందు చెంపదెబ్బ పనిచేయడమంటే ఎంత అవమానమో చదువుకున్నవాళ్లకే తెలుస్తుంది.

ఇంకొకటి చెప్పాలి. ఆ గదిలో గోడకు కొట్టిన చెక్క మీద సోడా సీసాలు ఉండేవి. అవి మెల్లగా జరుగుతూ చెక్క అంచుదాకా వచ్చేవి. మామ గంటకోసారి, ఎవరితోనో మాట్లాడుతూనే, మోచేత్తో వాటిని వెనక్కి నెట్టేవాడు. నా మల్టీమీటరు మిషన్ మీద పెడితే అది కూడా అంచుకు నడిచేది. నేనూ వెనక్కి నెట్టేవాణ్ణి. గోడకు అవతల రెండు పవర్‌లూమ్‌ల షెడ్డు. కుంఠా నాకాలో గోడకు అవతల మగ్గం లేకపోతే ఆశ్చర్యపడాలి గాని ఉంటే ఎవరు పట్టించుకుంటారు? పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు మా చెవులకు చప్పుడే కాదు. అది ఆగేది కరెంటు పోయినప్పుడే. కరెంటు పోతే మిషనూ ఆగిపోయేది.

ఆ రెండు మగ్గాలూ నడిపేది మా చిన్నాయన. అంటే మా అమ్మ చెల్లెలి భర్త, మామకు బావ. చద్దర్లు నేసేవాడు. మగ్గం మధ్యలో ఆపి మళ్లీ నడిపితే చద్దరులో అడ్డంగా సన్నటి గీత పడుతుంది. చిన్నాయన చద్దరులో గీత చూసినవాడు లేడు. నాలుగింటికి కరెంటు తీసే రోజుల్లో ఆయన లెక్కగా నేసుకుంటూ వచ్చి, సరిగ్గా అంచు దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయేలా చూసుకునేవాడు. పెళ్లినాడు కూడా అంచుదాకా నేసి గాని పీటల మీద కూర్చోలేదని మా అమ్మ ఎత్తిపొడిచేది.

చిన్నమ్మ బీడీలు చుట్టేది. రోజుకు వెయ్యి. మధ్యాహ్నం కార్ఖానాలో బీడీలు అప్పగించి ఇంటికి వెళ్తూ అన్న దుకాణంలో ఆగి నీళ్లు తాగేది. ఒకరోజు మామ, మిషన్ సరిగా నడుస్తుందో లేదో చూడమని ఆమె చేతికి అప్పజెప్పాడు. తునికాకు మడిచి మడిచి ఆరితేరిన వేళ్లు. బటన్ మీద ఆ చూపుడు వేలు పడితే ఆ వేగానికి కనబడేది కాదు. పురుగులు దిగడమే ఆలస్యం. రెండు మూడు రోజుల్లో పేటలో కుర్రాళ్లెవరూ ఆమె దరిదాపుల్లోకి రాలేకపోయారు.

మొదటిసారి అందరికంటే ఎక్కువ కొట్టిన రోజున ఆట అయిన కాసేపటికే కరెంటు పోయింది. కరెంటు పోతే ఆ మిషన్ ఎవరు ఎంత కొట్టారో అన్నీ మరిచిపోతుంది. రాత్రి అన్నాల దగ్గర చిన్నమ్మ సంబరంగా చెప్పింది. మేమంతా అక్కడే ఉన్నాం. చిన్నాయన నవ్వి, చెప్పేటోనికి వినేటోడు లోకువ అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చిన్నమ్మ నవ్వలేదు. పొద్దంతా చుట్టిన బీడీల్లో బాగున్నవేవో బాగాలేనివేవో కార్ఖానాలో ఒకడు చెబుతాడు, ఇంట్లో తన మాట నిజమో కాదో ఇంకొకరు చెబుతారు. ఆమె ముఖం చూసి నాకు సిగ్గేసింది.

ఆ తర్వాత వారానికి, ఒక మధ్యాహ్నం, మామ చెమటలు కక్కుతూ సైకిల్ మీద నా దుకాణానికి వచ్చాడు. చిన్నమ్మ నలభై ఎనిమిది వేల ఆరు వందల యాభై కొట్టిందట. తన కళ్లతో చూశాడట. చూస్తుండగానే అక్షరాలు చెదిరిపోయాయట. చెంపదెబ్బలు కొట్టినా రావడం లేదట. నేను సంచి తీసుకుని బయలుదేరాను.

వెళ్లేసరికి చిన్నమ్మ మర్నాటి బీడీల చాట ఒళ్లో పెట్టుకుని స్విచ్చు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నేను స్విచ్చు వైపు చెయ్యి చాపగానే నా మణికట్టు పట్టుకుంది.

"బంద్ చేస్తివంటే నీ చెయ్యి ఇరగ్గొడ్త" అంది.

ఆఫ్ చేసి ఆన్ చేయడం మా వృత్తిలో సగం విద్య. ఆ సగం పోయింది, మిగతా సగం మూడు వారాలుగా పనిచేయడం లేదు. పైగా నాలుగింటికి కరెంటు తీస్తారు. అంతలోపు చిన్నాయన వచ్చి ఆ అంకె చూడాలి. చిన్నమ్మకు కావలసింది అదొక్కటే.

వెనక తలుపు తీశాను. పిక్చర్ ట్యూబ్ దగ్గర చెయ్యి పడితే మనిషి ఎగిరి పడతాడు. అందుకని ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని, కుడిచేతి బొటనవేలితో బోర్డు మీది చిప్పులను ఒక్కొక్కటే తాకుతూ, ఏది వేడెక్కిందో చూస్తున్నాను. మూలనున్న ఒక చిప్పును నొక్కగానే అక్షరాలొచ్చినయని చిన్నమ్మ చెప్పింది. వేలు తీశాను. పోయినయంది. నొక్కాను. వచ్చినయంది. అక్షరాల బొమ్మలన్నీ దాచుకునే చిప్పు అదే. ఏదైనా అడ్డం పెట్టి నొక్కి ఉంచుదామంటే చోటు లేదు. అప్పుడు రెండున్నర. కోర్సు చదివి, సర్టిఫికెట్ తెచ్చుకుని, చివరికి నా బొటనవేలే ఆ మిషన్‌కు విడిభాగం అయింది.

మామను షెడ్డుకు పంపింది చిన్నమ్మ. షెడ్డు తలుపు వెనక గల్లీలో ఉంది, చుట్టూ తిరిగి వెళ్లాలి. మామ మనిషి భారీ. ఆయాసపడుతూ వెళ్లి, ఆయాసపడుతూ వచ్చాడు. మగ్గం నడుస్తుంటే ఆటలు సూడనీకి ఎవలన్న వస్తరా అన్నాడట చిన్నాయన.

మళ్లీ పంపింది. ఈసారి జవాబు కాస్త మెత్తగా వచ్చింది. ఒక మగ్గం అంచు దగ్గరుంది, రెండోది చద్దరు నడిమధ్యలో ఉంది, అది అంచుదాకా వచ్చినంక తప్పకుండా వస్తాడట. ఎప్పటికి వస్తుందని మామ అడిగితే, నాలుగింటికి అన్నాడట. నాలుగింటికి కరెంటే ఉండదు కదా అని మామ అంటే, అందుకే అప్పటికి అంచు వచ్చేలా నేస్తున్నానన్నాడట.

నా వేలు తిమ్మిరెక్కింది. కాలు మార్చుకుని నిలబడ్డాను. చిన్నమ్మ తెర వైపు చూస్తూ, చేతులు చూడకుండానే బీడీలు చుడుతోంది. మూడుంబావు అయ్యాక తలెత్తింది.

"ఇగ రమ్మనకు అన్నా. నేను పిలుస్తలేనని చెప్పు."

మామ వెళ్లాడు. కాసేపటికి నా చెవుల్లో ఏదో అయింది. చెవుడు వచ్చిందేమో అనుకున్నాను. గల్లీలో ఎక్కడో మేక అరవడం వినబడింది. ఆ గదిలో అంతకుముందు ఎప్పుడూ మేక అరుపు వినలేదు. బల్బు వెలుగుతూనే ఉంది, గోడ అవతల రెండు మగ్గాలూ ఆగిపోయాయి.

చిన్నాయన జుట్టు నిండా దూది పీచుతో గడపలోకి వచ్చాడు. చిన్నమ్మ లేవలేదు. తెర వైపు గడ్డం ఎత్తి చూపింది. ఆయన తెర చూశాడు. తర్వాత వంగి మిషన్ వెనక్కి చూశాడు. అక్కడ నేను, మోచేతిదాకా చెయ్యి లోపల పెట్టి నిలబడి ఉన్నాను. ఆయన ముఖంలో అనుమానం కదిలింది.

"చెయ్యి తియ్‌రా" అన్నాడు.

"తీస్తే అంకెలు పోతయి చిన్నాయినా."

"పోతే పోనీ. మిషన్ల ఉన్నదా, నీ చేతిల ఉన్నదా సూడాలె."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. కడుపున పుట్టిన పిల్లాడిలాంటివాణ్ణి, నేను చేత్తో అంకెలు తయారుచేస్తున్నానని ఆయన లెక్క. చిన్నమ్మ వైపు చూశాను. ఆమె కళ్లు మూసుకుని, తీయమన్నట్టు తలూపింది. తీశాను.

అక్షరాలు పోలేదు.

ఒక్క చుక్క చెదరలేదు. నేను వేలు తీసిన చిప్పును, గోడను, చెక్క మీద కదలకుండా నిలబడ్డ సోడా సీసాలను చూశాను. మూడు వారాల పెట్రోలు, రబ్బరు, స్టెబిలైజరు అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. చిప్పు దాని కాళ్లు దిగే బేసులో వదులుగా ఉంది. మగ్గాలు గోడను అదిరిస్తే గోడ మిషన్‌ను అదిరించేది. నా దుకాణం పక్కన మగ్గం లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే. ఆ ఎలుకను మామ మొదటిరోజే చెంపదెబ్బతో పట్టాడు.

చిన్నాయనకు ఇవేవీ పట్టలేదు. తెర మీద వేలు పెట్టి, కుడి నుంచి ఒకట్లు, పదులు, వందలు అని లెక్కపెట్టుకుంటూ వెళ్లి అంకె పూర్తిగా చదివాడు. పక్కన ఇంగ్లీషులో ఒకే అక్షరం మూడుసార్లు ఉంది. ఆట అయ్యాక మిషన్ పేరు అడిగినప్పుడు చిన్నమ్మ బటన్‌ను ఊరికే మూడుసార్లు నొక్కింది.

"గీ మూడు అక్షరాలేంది?"

"అది నేనే" అంది చిన్నమ్మ.

ఆయన తలూపాడు. మామ సోడా కొట్టి ఇస్తే సగం తాగి, మిగతా సగం చిన్నమ్మకిచ్చాడు. ఇద్దరూ ఆ తెరనే చూస్తూ కూర్చున్నారు. నాలుగుకు ఐదు నిమిషాలుండగానే కరెంటు పోయింది. తెర మధ్యలో తెల్ల చుక్క ఒకటి మిగిలి, అదీ ఆరిపోయింది.

మర్నాడు నేను ఆ చిప్పును బేసులోకి గట్టిగా నొక్కితే, చిన్నమ్మ బీడీ దారంతో దాన్ని బోర్డుకు నాలుగు చుట్లు చుట్టి ముడేసింది. ఆ తర్వాత మిషన్ అక్షరాలు ఎప్పుడూ పోలేదు. ఎవరైనా అడిగితే రిపేరు నేనే చేశానని చెప్పుకున్నాను. మామ మాత్రం నన్ను కూడా నిమ్మకాయ, ఊదుబత్తి లెక్కలోనే వేశాడు.

వారం తర్వాత చిన్నాయన ఒక చద్దరు చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఎర్రది, నెమళ్ల బొమ్మలది. మధ్యలో అడ్డంగా సన్నటి గీత. మాల్ చూసేవాడు దాన్ని తప్పు పడ్డ సరుకని, సెకండు కింద పక్కన పడేశాడట. అదే ఆయన చేతి నుంచి వచ్చిన మొదటి సెకండు. దాన్ని చిన్నమ్మ ముందు పెట్టి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.

ఇంటికి ఎవరొచ్చినా చిన్నమ్మ ఆ చద్దరే పరిచేది. ఇంత మంచి చద్దరుకు ఈ గీత ఏంటని ఎవరో ఒకరు అడగకుండా ఉండేవారు కాదు. అడిగేదాకా ఆమె ఓపిగ్గా కూర్చునేది. అడగ్గానే ముందుకు జరిగి, గీత మీద చూపుడు వేలు పెట్టేది.

"ఇగో, గీడనే ఆయన మగ్గం ఆపి నా ఆట సూడనీకి వచ్చిండు."