ఢిల్లీ దాకా ఖాళీగా పోయిన సీటు

విమానంలో సీటు ఖాళీగా ఉంది. నా బిడ్డ అదే కంపెనీలో పైలట్. ఢిల్లీలో డ్యూటీ ఎక్కడానికి పోతోంది, ఒంటి మీద కంపెనీ యూనిఫారం ఉంది. అయినా ఎక్కనివ్వలేదు. మర్నాడు అదే కంపెనీ, డ్యూటీకి రాలేదని ఆమెకు గైర్హాజరు రాసింది.

దీన్ని అన్యాయం అనక ఇంకేమంటారో చదువుకున్నవాళ్ళు చెప్పాలి. నేను పెద్దగా బడికి పోయినవాణ్ణి కాదు. డిపోలో డ్యూటీ కోసం కూర్చున్న గంటల్లో, ఎవరో చదివి పడేసిన పేపర్లతో చదువు నేర్చుకున్న బస్సు డ్రైవర్ని. నాకు తెలిసిన మాట అదే.

మా చిన్నబిడ్డ మొదట హైదరాబాద్ నుంచే విమానం నడిపేది. ఆ తర్వాత కంపెనీ ఆమె డ్యూటీని ఢిల్లీకి మార్చింది. అల్లుడికి కరీంనగర్‌లో దవాఖానా ఉంది, మనుమరాలి బడి ఇక్కడే ఉంది. సంసారాన్ని సూట్‌కేసులో సర్దుకుని పోవడం కుదరదు కదా! అందుకని ఇక్కణ్ణుంచి బస్సులో హైదరాబాద్ పోయి, అక్కడ తన కంపెనీ విమానమే ఎక్కి ఢిల్లీ చేరి, అక్కడ డ్యూటీ మొదలుపెట్టేది. కొన్న టికెట్ కాదు. ప్రయాణికులందరూ ఎక్కాక సీటు మిగిలితే కంపెనీ మనుషులకు ఇస్తారు. అదీ మిగలకపోతే పైలట్ల వెనక గోడకు మడత సీటు ఒకటుంటుంది. జంప్ సీట్ అంటారు. దాంట్లో కూర్చోవాలంటే ఆ విమానం కెప్టెన్ సరేననాలి.

ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది.

"గదేంది బిడ్డా, మా బానెటే గదా!"

"బానెటే బాపూ. మీది కాలుతుండె, మాది కాలది. గంతే ఫరక్."

అప్పట్లో మెట్‌పల్లి పక్కన ఇల్లు, ఆదిలాబాద్‌లో డిపో. నా ఉద్యోగంలో సగం కాలం అట్లాగే గడిచింది. డ్యూటీకి పోవాలన్నా, దిగి ఇంటికి రావాలన్నా ఇంకొకరి బస్సులో, డ్రైవర్ పక్కన ఇంజన్ మీది బానెట్టే నా సీటు. తువాల మడిచి వేసుకున్నా తొడలు కాలేవి. ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి రోడ్డు పక్కన చెయ్యెత్తితే స్టాపు ఉందా లేదా అని ఏ డ్రైవరూ చూసేవాడు కాదు. బానెట్ మీద కూర్చున్నవాడికి కూడా ఒక పద్ధతి ఉండేది. నిద్రపోకూడదు. పక్కవాడు తూగితే తోలేవాడూ తూగుతాడు. కనుక నోరు ఆడిస్తూనే ఉండాలి.

"మేం గూడ నిద్రపోం బాపూ. కని విమానం దిగేటప్పుడు నోరు తెరవద్దు. చప్పుడు చెయ్యక కూసోవాలె."

"అయితె మీ అవ్వనైతె ఎక్కియ్యకు" అన్నాను. లోపలి నుంచి మా ఇంటావిడ "గదంత నాకు ఇనబడుతున్నది" అంది.

ఒక వానాకాలం నిర్మల్ దాటాక ఘాట్ మీద చెట్టు పడింది. నేను బానెట్ మీద ఉన్నాను. డిపో చేరేసరికి నా బండి ఇంకొకరితో వెళ్ళిపోయింది, నా పేరు ముందు గైర్హాజరు పడింది. నన్ను తెచ్చిన డ్రైవర్ అలాగే తడిసిన బట్టలతో కంట్రోలర్ టేబుల్ ముందు నిలబడ్డాడు.

"అన్న పొద్దుగాల సంది నా బండిలనే ఉన్నడు. చెట్టు అన్న కొట్టలే, నేను కొట్టలే. రాసుడే ఉంటే నాకు రాయి."

కంట్రోలర్ పెన్ను తీసి ఆ గైర్హాజరు కొట్టేశాడు. తోలినవాడి మాటకు అంత విలువ ఉండేది.

బానెట్ మీద ఎక్కనివ్వనివాడు ఒక్కడంటే ఒక్కడు తగిలాడు నాకు. జగిత్యాలలో బండి ఆపి, నా మొహం చూసి, "నా పక్కన ఎవలు కూసున్నా నాకు నచ్చది" అని గేరు వేసుకుని పోయాడు. తర్వాత అతని కొడుకు పెళ్ళికి కార్డు తెచ్చిస్తే నేను పోలేదు. ఇప్పుడు పిలిచినా పోను.

ఇక ఆ రోజు సంగతి. పొద్దున పోయిన బిడ్డ సాయంత్రం బస్సుకు తిరిగొచ్చింది. వాళ్ళింటికి కూడా పోకుండా నేరుగా మా ఇంటికొచ్చి, యూనిఫారంతోనే మంచం మీద కూర్చుంది.

"ఎక్కనియ్యలే బాపూ."

మిగిలిన సీట్లు ఆఫీసులో ఎవరో పెద్ద అధికారి ఇంటివాళ్ళకు ఇచ్చారట. సెలవులకు ఢిల్లీ చూడబోతున్నారు, వాళ్ళదీ కొన్న టికెట్ కాదు. చూడబోయేవాళ్ళు కూర్చున్నారు, నడపబోయేది నిలబడింది!

"మడత సీటు ఉండె గదా?"

"ఉండె. గేటు కాడి పిల్లగాన్ని అడిగిన. ఫోన్ పట్టుకొని గటు తిరిగిండు, గిటు తిరిగిండు. కెప్టెన్ వద్దన్నరు మేడం అన్నడు."

"నువ్వు పోయి అడగకపోయినవా?"

"గేటు దాటనియ్యరు బాపూ. ఒక్క మనిషి పెరిగితె బరువు లెక్క కాయితం మళ్ళ తియ్యాలె. అప్పటికే తలుపులు మూసే యాళ్ళయింది. లేటయితె పాపం గా పిల్లగాన్నే తిడుతరు."

"పిల్లగాన్ని ఇడిసిపెట్టు. తోలేటోడు వద్దన్నడా, లేదా?"

"అన్నడట."

నాకు జగిత్యాలవాడు కళ్ళ ముందు నిలబడ్డాడు. అదే మొహం, అదే గేరు. ఆ సాయంత్రం ఇంట్లో నేను మాట్లాడినదంతా ఇక్కడ రాయలేను.

తర్వాతి విమానం పట్టుకున్నా డ్యూటీ వేళ దాటిపోయేది. అప్పుడే ఆఫీసుకు ఫోన్ చేసి అంతా చెప్పింది. రాకపోవడం రాకపోవడమే అన్నారు. మీరు ఎక్కడ కాపురం ఉంటారన్నది మీ సొంత విషయం అన్నారు. హైదరాబాద్‌లో ఉన్నదాన్ని ఢిల్లీకి మార్చింది ఎవరు? ఆ సంగతి వాళ్ళ సొంత విషయం కాబోలు.

ఒక్క రోజు జీతం కోతైతే నేను ఇంత మండిపడను. మా బిడ్డ ఇన్నేళ్ళుగా పక్క సీటులో కూర్చుని నడుపుతోంది. కెప్టెన్ కావడానికి ఇచ్చే శిక్షణకు ఈసారి ఆమె పేరు వచ్చింది. గైర్హాజరు ఉన్నవాళ్ళ పేరు తీసేస్తారు. సంజాయిషీ రాసుకోమని వారం గడువిచ్చారు. ఏమని రాస్తుంది? సీటు ఉంది, ఇవ్వలేదు అని రాస్తే, కెప్టెన్ ఇష్టం అంటారు. అక్కడితో సరి.

"గా కెప్టెన్ నంబరియ్యి" అన్నాను.

"పిచ్చా బాపూ? ఆయన ఎంత సీనియరో ఎరుకేనా? నేను మొహం గూడ చూడలే."

"నేను చూసిన. జగిత్యాలల."

"ఇచ్చెయ్యి బిడ్డా" అంది మా ఇంటావిడ. "గీయన మూడొద్దుల సంది పళ్ళెంల అన్నం పెట్టుకొని దాన్నే తిడుతుండు."

బిడ్డ సంజాయిషీ కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. పైన తన పేరు తప్ప ఒక్క ముక్క పడలేదు. చివరికి నంబరిచ్చింది. "తిట్టొద్దు బాపూ, నీకు దండం పెడుత" అంది.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. గొంతు రికార్డు చేసి పంపాను. ఆయనది నాగపూర్ వైపట. ఆదిలాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ నేర్చుకున్న, సగం మరాఠీ కలిసిన హిందీ నాకు అక్కరకొచ్చింది. తిట్టొద్దనుకునే మొదలుపెట్టాను. నేను ఫలానా పైలట్ తండ్రిని, బస్సు డ్రైవర్ని అని చెప్పాను. నా బానెట్ మీద దొంగతనంగా కోడిని తెచ్చినవాడు కూడా కూర్చున్నాడు, డ్యూటీకి పోయేవాణ్ణి మాత్రం ఏనాడూ దించలేదని చెప్పాను. పైకి పోయినకొద్దీ మనిషి గుండె చిన్నదవుతుందా అని అడిగాను. నీ వెనక ఒక ఆడపిల్ల కూర్చుంటే నీ విమానం బరువెక్కేదా అని అడిగాను. ఇంకా కొన్ని అన్నాను. బిడ్డ విని తల పట్టుకుంది. "అయిపోయింది, నా నౌకరి నువ్వే తీసినవ్" అంది.

మర్నాడు జవాబు లేదు. ఆ మర్నాడూ లేదు. ఆయన విన్నట్టు ఫోన్‌లో గుర్తు మాత్రం పడింది. విని కూడా పలకనివాడి మీద నా కోపం రెట్టింపైంది. గడువు రేపనగా, మేం ముగ్గురం చాయ్ తాగుతుంటే ఫోన్ మోగింది. ఆయనే గొంతు రికార్డు చేసి పంపాడు. బిడ్డ గ్లాసు కింద పెట్టి దగ్గరికి జరిగింది. హిందీలో ఆయన అన్నదాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో రాస్తున్నాను:

"చాచా, మీ తిట్లు రెండుసార్లు విన్నాను. ఆ రోజు ఏం జరిగిందో కనుక్కున్నాకే మాట్లాడదామని ఆగాను. నేను వద్దనలేదు. నన్ను ఎవరూ అడగలేదు. నా వెనక సీటు ఢిల్లీ దాకా ఖాళీగానే వచ్చింది, నేను ఆ సీటులో నా టోపీ పెట్టుకున్నాను. ఇదే మాట రాసి ఇప్పుడే ఆఫీసుకు పంపాను. మీ అమ్మాయి సంజాయిషీలో నా పేరు రాసుకోమనండి. గైర్హాజరు రాసే తీరాలంటే నాకు రాయమన్నానని కూడా చెప్పండి."