మూసిన పెట్టెకు పెట్టిన సంతకం

ఇది రాసిపెట్టకపోతే మా విమానాల హ్యాంగర్‌లో కొత్తగా చేరేవాళ్లు కూడా నేను చేసిన తప్పే చేస్తారు. అందుకే రాస్తున్నాను. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఐటీఐతో చదువు ఆగినా, మడకశిర గ్రంథాలయంలో సైన్సు బీరువా మొత్తం చదివినవాణ్ణి. వింత ఏది విన్నా ముందు కారణం వెతుకుతాను.

బెంగళూరులో విమానాలు బాగుచేసే చోట నేను టెక్నీషియన్ని. పని ముగిశాక పనిముట్లను ఒకరు లెక్కపెట్టి పెట్టెలో సర్దాలి. రెండోవాడు తన కళ్లతో చూసి సంతకం చేయాలి. విమానంలో చిన్న స్పానర్ ఒక్కటి మిగిలిపోయినా ప్రాణాల మీదికి వస్తుంది. ఆ పొద్దున డ్యూటీ దిగేసరికి మా పక్క ఊరి హనుమంతు అప్పటికే పెట్టె మూసేశాడు.

"నేను లెక్కబెట్టినాలే అన్నా. బస్సు పోతాది, సంతకం పెట్టుపా. మన పక్కోణ్ణే నమ్మకుంటే ఎట్ల?"

పెట్టాను. పెట్టె తెరవలేదు.

మధ్యాహ్నానికి మడకశిర దగ్గర మా ఊరు చేరాను. సాయంత్రం ఐదింటికి అమ్మతో కలిసి గొర్రెలను దొడ్డికి తోలాను. నాయన పోయి రెండేళ్లు. ఆయన రోజూ దొడ్డి వాకిట్లో నిలబడి గొర్రెలను లెక్కపెట్టేవాడు. ఒకటి తగ్గితే చేతికర్రతో అక్కడ నిలువుగా పాతిన రాతి కూసం మీద రెండు దెబ్బలు కొట్టేవాడు.

చివరి గొర్రె లోపలికి పోగానే కూసం మీద టక్, టక్ అని రెండు దెబ్బలు వినిపించాయి. దగ్గర ఎవరూ లేరు. నాయన కర్రను ఆయనతోపాటే పూడ్చాం.

అమ్మ కూడా విన్నది. ఇద్దరం రెండుసార్లు లెక్కపెట్టాం. నలభై రెండూ ఉన్నాయి.

"గొర్రెలన్నీ ఉండాయి. ఇంగేం తగ్గిందప్పా?" అంది.

పొద్దున తెరవకుండా సంతకం పెట్టిన పెట్టె గుర్తొచ్చింది. ఆ విమానం ఏడింటికి జనంతో లేస్తుంది.

చెబితే ఉద్యోగం పోవచ్చు. అయినా షిఫ్ట్ ఇన్‌ఛార్జి శివన్నకు ఫోన్ చేశాను.

"సంతకం నీదే కదప్పా?"

"నాదే సార్. చూడకుండా పెట్టినా."

ఆయన వెంటనే విమానాన్ని ఆపించాడు. ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది.

"స్పానర్ దొరికింది. చక్రాలు ముడుచుకునే గూట్లో ఉండాది. మెమో ఖాయం నీకు. ముందు అన్నం తినుపో."

మెమో అన్న మాటకు అంత సంతోషపడినవాడు ఇంకొకడు ఉండడు. గడప మీద కూర్చుని నవ్వుతూనే ఏడ్చాను.

ఎండకు కాగిన రాయి చల్లారేటప్పుడు చిటపటమంటుందని తర్వాత చదివాను. ఎన్నో సాయంత్రాలు ఆ కూసం పక్కనే కూర్చున్నాను. మళ్లీ ఒక్క చప్పుడూ రాలేదు. ఆ రోజే, సరిగ్గా రెండు దెబ్బలే ఎందుకు మోగాయో ఇప్పటికీ చెప్పలేను.

విమానం ఆపిన శివన్నకు, తర్వాత తన తప్పు దాచకుండా ఒప్పుకున్న హనుమంతుకు, ఇంకేం తగ్గిందని అడిగిన మా అమ్మ లక్ష్మక్కకు, రాళ్ల గురించిన పుస్తకం వెతికిచ్చిన లైబ్రేరియన్ రమాదేవి గారికి కృతజ్ఞతలు. ఇంకొక పేరు ఇక్కడ రాయాలో వద్దో తేలక ఇన్నాళ్లూ ఆగాను. మా నాయన, నారాయణప్ప.