ఉప్పు పట్టుకుని భూమి కదులుతుందన్నాను

ఇందులో ప్రతి మాటా నిజం. కుడి గుప్పిట నిండా నౌపడ రాళ్లుప్పు పట్టుకుని, ఎడంచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే తప్పు చేతిదే గానీ మాటది కాదు.

ఉప్పు మడుల్లో పనిచేసే మావాళ్లకి ఒక కట్టుబాటుంది. నోటితో ఎన్ని కోతలు కోసినా నవ్వి వదిలేస్తారు. గుప్పిట్లో ఉప్పుంటే మాత్రం అబద్ధమాడకూడదు. ఆడితే ఆ చేత్తో ఎత్తిన ఉప్పంతా మళ్లీ నీరైపోతుందని నమ్మకం. మాది కోటబొమ్మాళి. మడుల్లోకి నీళ్లు తోడే ఇంజన్లు బాగుచేయడం నా పని. మడిలో దిగి ఉప్పెత్తే పని నాకు ఎప్పుడూ పడలేదు కాబట్టి, అన్నేళ్లలో ఉప్పు పట్టుకోవలసిన అవసరమూ రాలేదు. కోతలకైతే లోటు లేదు.

నేపాల్లో భూమి కంపించిన వేసవి అది. శనివారం, ఇంకా మధ్యాహ్నం కాలేదు. మా పిన్ని మడి గట్టు మీద ఇంజను విప్పుకుని కూర్చున్నాను. పిన్నంటే మా అమ్మ చెల్లెలు. బాబాయి పోయాక ఆ మడి ఒక్కతే చూసుకుంటోంది. నట్లన్నీ విప్పి ఒక సత్తు పళ్లెంలో వేశాను. ఉన్నట్టుండి పళ్లెంలో నట్లు గలగలమన్నాయి.

"ఏట్రా, ఇంజిను ఆడకుండానే ఊగతన్నాది?" అంది పిన్ని.

అంతే, ఆగిపోయింది. సాయంత్రం స్టేషను పక్క టీకొట్టుకు వెళ్తే అందరిదీ ఒకటే మాట: నా గ్లాసు అదిరిందంటే నా మంచం అదిరిందని. ఇంజన్ల సంగతి తెలిసినవాడికి భూమి సంగతి తెలియకుండా ఉంటుందా అని నన్నడిగారు. తెలియదని చెప్పే అలవాటు నాకు లేదు.

"ఇది సగమే. సాగదీసిన రబ్బరు ఒగ్గేస్తే ఎలగ తిరిగొస్తాది? వచ్చే శనివారం నేల కూడా అలగే తిరిగొస్తాది. ముందు కుంగేవి సముద్రం అంచునున్న మడులే," అన్నాను.

మామూలు రోజైతే పకపకా నవ్వేవాళ్లు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఎవరి గ్లాసు అదరడం వాళ్లు కళ్లారా చూసుకున్నారు. నా మాట అంత గౌరవంగా వినడం అదే మొదటిసారి. నాకు ఒళ్లు పొంగిపోయింది కూడా.

సోమవారం ఉదయం పిన్ని మడిలోకి ముఠా రాలేదు. ఉప్పు లాగి, తట్టలకెత్తి, రాశి పోసే ఆడవాళ్ల జట్టు అది. మడి నిండా ఉప్పు పేరుకుని తెల్లగా మెరుస్తోంది. మధ్యాహ్నమయ్యేసరికి పడమటి కొండల మీద మబ్బు కమ్ముతోంది. ఒక్క గట్టి వాన పడితే అదంతా కరిగిపోతుంది. ఆ వేసవికి ఆమెకున్నది ఆ ఒక్క మడే.

"శనివారం దాకా గట్టు తొక్కరంట," అంది పిన్ని. "మడులు కుంగిపోతాయని ఎవుడో సెప్పినాడంట."

"ఎవుడో కాదు పిన్నీ..."

"నాకు తెల్దేటి? ఇన్నేళ్లు చర్చిలో నీ బుద్ధి కోసం ప్రార్థన సేసినాను. నోరు కోసం సెయ్యాల్సింది."

తిట్టి ఊరుకుని ఉంటే తేలిగ్గా ఉండేది. ఆమె చీర కుచ్చెళ్లు దోపుకుని, ఉప్పు లాగే పొడుగు పిడి చెక్క పలక పట్టుకుని ఒక్కతే మడిలో దిగింది. నేనూ దిగాను. సాయంత్రందాకా ఇద్దరం లాగితే ఒక మూల తేలింది. ఆ ముఠాని మళ్లీ మడిలో దింపకుండా ఇంటికి వెళ్లకూడదని అప్పుడే అనుకున్నాను.

ముఠా పెద్దని ఊరంతా అప్ప అంటారు, అంటే అక్క. నేనూ అప్పనే అంటాను. ఆమె ఇంటికి వెళ్లి, "అప్పా, అది ఉత్తినే అన్నాను," అని చెప్పాను.

"అలగైతే అప్పుడు సెప్పింది అబద్ధమా, ఇప్పుడు సెప్తన్నది అబద్ధమా?"

"అప్పుడు సెప్పిందే."

"ఇప్పుడు నీకు పనుంది గదా, మరి! పనున్నోడి మాట నమ్మమంటావేటి?" అని తలుపు వేసేసింది.

మర్నాడు మళ్లీ వెళ్లాను. తలుపు తియ్యలేదు. ఆ గుమ్మంలోనే కూర్చుని, బొబ్బిలిలో ఉన్న మా బావకి ఫోన్ చేశాను. ఆయన బడిలో పిల్లలకి భూగోళం చెబుతాడు. సంగతంతా విని కడుపుబ్బ నవ్వాడు.

"ఒరే, నేల కదలడం అబద్ధం కాదురా. శనివారం అబద్ధం."

ఆ గుమ్మంలో కూర్చునే పాఠమంతా చెప్పించుకున్నాను. అర్థం కానిచోట మళ్లీ అడిగాను, బావ విసుక్కున్నా వదల్లేదు. ఫోన్ పెట్టేసేసరికి తలుపు ఓరగా తెరిచి ఉంది. అప్ప చెవి అక్కడే ఉంది.

"రేపు పొద్దున్న మడి కాడికొస్తాం," అంది. "ఉప్పు పట్టుకుని సెప్పాల."

బుధవారం పొద్దున ముఠా అంతా వచ్చింది. ఒక్కరూ గట్టు దిగలేదు. దారి మీదే నిలబడ్డారు. అప్ప నా కుడి అరచేతిలో గుప్పెడు ఉప్పు పోసి వేళ్లు మూసింది.

"మా కాళ్ల కింద నేల కదల్దని సెప్పు. ఒక్క ముక్క. దిగిపోతాం."

పిన్ని నాకేసే చూస్తోంది. పడమట అప్పటికే మబ్బు లేస్తోంది. ఒక్క ముక్క! నా జీవితంలో అంతకంటే చవకైన అబద్ధం ఎవరూ అడగలేదు. ఊరికే ఆడినవాణ్ణి, అవసరానికి ఆడలేనా? నోరు తెరిచాను. గుప్పిట్లో ఉప్పురాళ్లు గుచ్చుకుంటున్నాయి.

"కదుల్తాది," అన్నాను.

దారి మీద గోల లేచింది. పిన్ని నెత్తి కొట్టుకుంది. తట్టలెత్తుకుని ఇద్దరు వెనక్కి తిరిగారు కూడా.

"ఆగండర్రా! కదుల్తాది, ఎంత కదుల్తాదో ఇనండి," అని అరిచాను. "అప్పా, సేతి గోరు సూసుకో. అది ఏడాదికెంత పెరుగుతాదో, ఈ దేశమంతా ఇంచుమించు అంతే జరుగుతాది. ఉత్తరానికి. మన తాతలప్పుడూ జరిగినాది. ఇప్పుడూ జరుగుతన్నాది."

అప్ప నిజంగానే చెయ్యెత్తి బొటనవేలు చూసుకుంది.

"తోసేదెవుడు?"

పక్క మడిలో నీళ్లమీద అప్పుడే పలుచటి ఉప్పు పొర కడుతోంది. గాలికి ఒక పొర జరుగుతూ వచ్చి ఇంకొకదాని కిందికి దూరుతోంది. అది చూపించాను. పైన నేల అలాంటి పెద్ద పెద్ద పెచ్చులని, మనం నిలబడ్డది ఒక పెచ్చు అని చెప్పాను.

"ఇక్కడ గాలి తోస్తన్నాది. భూమి లోపల గాలెక్కడిది?"

"గాలి కాదు, వేడి. నువ్వు చోడంబలి కాస్తావు గదా. కుండలో ఏటవుతాది?"

"నడుమ పైకొస్తాది, అంచు కాడ దిగిపోతాది," అంది అప్ప. కాసేపు ఆలోచించి, "పైన కట్టిన పొర పక్కకి జరుగుతాది," అని తనే అంది.

"అదే. కాకపోతే లోపలున్నది అంబలిలాగ నీరు కాదు, రాయే. రాయే అంత మెల్లగా పారుతాదంట. సల్లబడిన పెచ్చు అంచు బరువెక్కి కిందికి దిగతా మిగతాదాన్ని లాగుతాదంట."

"మరి మడి కుంగుతాదా?"

"మన పెచ్చుకి అంచు ఇక్కడ లేదు. హిమాలయాల కాడుంది. అక్కడ మన పెచ్చూ అవతలి పెచ్చూ ఇరుక్కుని, ఎన్నో ఏళ్లకి ఒక్కసారి జారితే ఇక్కడ నీ గ్లాసు అదిరినాది. మళ్లీ ఎప్పుడు జారతాదో ఎవుడికీ తెల్దు. శనివారమని సెప్పిన యెదవకీ తెల్దు."

అప్ప నా గుప్పిట విప్పి చూసింది. ఉప్పు ఉప్పుగానే ఉంది. కాస్త చెమ్మగిల్లింది, అంతే.

"కదల్దని సెప్పుంటే ఇటునించిటే ఇంటికెల్లిపోయేదాన్ని," అంది. "నా గ్లాసు అదరడం నాను సూసినాను గదేటి." ముఠా వైపు తిరిగి, "ఒసే, సూస్తారేటి? బేగి దిగండి!"

పలకలు వరసగా కదిలాయి. నన్ను ఇంజను దగ్గర కూర్చోనివ్వలేదు, తట్ట నెత్తికెత్తారు. నడుస్తుంటే ఒకామె, "మీ బావ ఇంకేటి సెప్పినాడు?" అని అడిగింది. మన తూర్పు కనుమలు ఒకప్పుడు దక్షిణాన ఉన్న మంచు ఖండానికి అతుక్కుని ఉండేవని చెప్పాను.

"మంచు? ఈ ఎండలోనా? ఉప్పు పట్టుకుని సెప్పు!"

పట్టుకునే చెప్పాను. అది మాత్రం ఎవరూ నమ్మలేదు. పిన్ని కూడా మడిలో నిలబడి నవ్వింది, మూడో రోజుకి.

ఆఖరి తట్ట రాశి మీద పోసి తాటాకులు కప్పుతుండగా ఉరిమింది. నా ముక్కు మీద మొదటి చినుకు పడింది. మేము గట్టు దాటేలోపు వాన కుండపోతగా కురిసింది. ఖాళీ మడులు నిండిపోయాయి, రాశి మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. ఆ వాన నా కల్పన. ఆ రోజు చుక్క పడలేదు. మబ్బు మా నెత్తి మీదుగా సముద్రంలోకి పోయింది. శనివారమూ పడలేదు. నేల కుంగకుండానే శనివారం గడిచిపోయింది. ముఠా తీరిగ్గా మరుసటి సోమవారం వచ్చినా పిన్ని ఉప్పు మడిలోనే ఉండేది. ఆ సంగతి అప్ప ఇప్పటికీ నన్ను దెప్పుతుంది. అయినా అంత పట్టుబట్టి ఎత్తించిన ఉప్పుకి వాన రాకుండా ఎలా ముగించను? అందుకని ఆ నాలుగు ముక్కలు రాసేటప్పుడు ఉప్పు పక్కన పెట్టేసి, కుడిచేత్తో రాశాను. కావాలంటే నా కాగితాలు చూడండి, అక్కడ ఒక్కచోటే అక్షరాలు గుండ్రంగా ఉంటాయి.