నా కళ్లు మూలం కావు

నేను రేణిగుంటలో ఒక గోడౌనులో స్టోర్ కీపరును. లారీ వచ్చి నిలబడితే ముందు డ్రైవరు మొహం చూస్తాను, తర్వాత సీలు చూస్తాను, ఆ తర్వాతే సరుకు. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని కావడంతో ఆ చూపు నాతోపాటు ఇంటికి కూడా వచ్చేసింది. పాల ప్యాకెట్టు చేతికిస్తే ఎక్కడైనా సూది గుచ్చారేమోనని తిప్పి తిప్పి చూస్తానని మా ఆవిడ అందరి ముందూ ఎగతాళి చేస్తుంది. అనుమానం పెనుభూతం అంటారు గాని, ఆ భూతం కాపలా ఉండబట్టే నా గోడౌనులో ఇంతవరకు ఒక్క డబ్బా పోలేదు. ఇలాంటివాడికి పేరు దాచుకున్న శత్రువు ఒకడు దొరికితే ఏం చేస్తాడో మీరే ఊహించుకోండి.

మా నాయన చెక్కభజన గురువు. గజ్జెలు కట్టిన చెక్కలు చేతుల్లో మోగిస్తూ, పాడుతూ, గుండ్రంగా తిరుగుతూ అడుగులు వేసే భజన అది. చిత్తూరు చుట్టుపక్కల ఏ పల్లెవాళ్లు పిలిచినా పోయి, నెలా నెలన్నర అక్కడే ఉండి నేర్పేవాడు. వచ్చేటప్పుడు ఊరంతా కలిసి పంచె, తువ్వాలు పెట్టి పంపేవాళ్లు. ఎన్ని ఊళ్లలో ఎంతమందికి నేర్పాడో ఆయనకే తెలియదు. ఆయన పోయాక వెతికితే, ఆయన గురించి ఏ కాగితం మీదా ఒక్క వాక్యం లేదు. పేపర్లో రాలేదు, సన్మాన పత్రం లేదు, ఫొటో అంటే రేషన్ కార్డు మీద ఉన్నదే.

అందుకని నేనే రాశాను. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే తెలుగు విజ్ఞాన సర్వస్వం ఉంది కదా, అందులో పన్నెండు వాక్యాల వ్యాసం పెట్టాను. అంత చిన్న వ్యాసాన్ని అక్కడ మొలక అంటారు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. డ్యూటీలో ఖాళీ దొరికితే ఫోను తీసి ఆ పన్నెండు వాక్యాలూ నేనే చదువుకునేవాణ్ణి. అన్‌లోడింగ్ కోసం కూర్చున్న డ్రైవర్లకు చూపించేవాణ్ణి. తమిళ డ్రైవర్లకైతే చదివి అర్థం కూడా చెప్పేవాణ్ణి, పాపం వాళ్లకు తప్పించుకునే దారి ఉండేది కాదు.

నాలుగు నెలలు తిరక్కుండా ఆ పేజీ నెత్తిన ఒక నోటీసు పడింది. ఈ వ్యాసానికి మూలాలు లేవు, వారంలోగా చూపకపోతే తొలగించాలి అని. మూలం అంటే అక్కడ అచ్చులో వచ్చిన ఆధారం, పుస్తకమో పత్రికో. నోటీసు పెట్టినవాడు అక్కడ పెట్టుకున్న వాడుకరి పేరు ఉత్త నాలుగు అంకెలు. పేరు పెట్టుకోవడానికి కూడా భయపడేవాడు మా నాయనకు మూలాలు అడుగుతాడా అని నాకు ఒళ్లు మండింది. కన్నకొడుకును నేనే ఉన్నాను, నాకంటే మూలం ఏం కావాలని, వ్యాసం వెనకే వాదించుకోవడానికి ఉండే చర్చ పేజీలో రాశాను. కొడుకు మూలం కాదని జవాబు. తిట్టాను. ఆరో రోజున ఇంకో జవాబు వచ్చింది. దాన్ని ఇప్పటికీ చూడకుండా చెప్పగలను.

"ఆ పల్లెకు పొద్దున ఆరున్నర బస్సుకు పోయి అడిగినాను. నలుగురు చెప్పినారు. రాతలో ఏమీ దొరకలేదు. గురువుగారిని నేనూ చూసినాను. అయినా నా కళ్లు మూలం కావు."

మర్నాటికి పేజీ లేదు. అక్కడ లేని పేజీల పేర్లు ఎర్రగా కనిపిస్తాయి. మా ఊరి పేజీలో మా నాయన పేరు ఎర్రగా మారింది.

ఆ జవాబు నన్ను నిద్రపోనివ్వలేదు. అడిగినాను, చూసినాను అన్నాడంటే మనిషి ఖచ్చితంగా మన పక్కవాడు. మా పల్లెకు పొద్దున ఆరున్నరకు బస్సుందని వాడికెట్లా తెలుసు? ఆ బస్సు సంగతి మా ఊరివాళ్లకు తప్ప దేవుడికి కూడా తెలియదు. పైగా మా నాయనను చూశాడు. చూసి కూడా తీసేయించాడు. తెలియనివాడు చేస్తే అజ్ఞానం అనుకోవచ్చు, తెలిసి చేస్తే పగ కాక మరేమిటి?

ఆలోచించగా ఆలోచించగా మా చిన్నాయన కొడుకు మీదికి పోయింది బుద్ధి. చిన్నాయన కూడా చెక్కభజన ఆడేవాడు. అసలు గురువు మా నాయనే, మీ నాయన వెనక నిలబడి పాడేవాడు అని ఆ తమ్ముడు ఒక పెళ్లిలో అన్నాడు కూడా. వాడికి కాణిపాకంలో గుడి దగ్గర తెంకాయల అంగడి. ఒక ఆదివారం దర్శనం పేరు పెట్టుకుని పోయి, వాడి పక్కన స్టూలు మీద కూర్చుని, మాటల్లో మాటగా ఇంటర్నెట్‌లో ఏమేం చేస్తుంటావని అడిగాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడేమోనని కన్నార్పకుండా చూస్తున్నాను. వాడు తెంకాయ పీచు తీస్తూనే ఫోను నా చేతిలో పెట్టాడు.

"గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపేది తప్ప నాకేం రాదన్నా. తెలుగులో ఎట్లా కొట్టేదో నువ్వే సూపించు."

చూపించాను. తన పేరు తాను కొట్టుకోవడానికి వాడికి కాఫీ చల్లారేంత సేపు పట్టింది. రెండు తెంకాయలు ఊరికే ఇచ్చి పంపాడు. బస్సులో అవి ఒడిలో పెట్టుకుని, వాడు నటించాడేమోనని రేణిగుంట దాకా ఆలోచించాను.

అప్పటినుంచే నేను పేజీలు దాచడం మొదలుపెట్టాను. తొలగింపు నోటీసు పడిన వ్యాసాల జాబితా ఒకటి ఉంటుంది. రోజూ డ్యూటీకి ముందు దాన్ని తెరిచి, ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసుకునేవాణ్ణి. పిల్లల్లేక మూతపడిన బడి, పేరు తప్ప నీళ్లు లేని వాగు, నాటకాల్లో ఆడవేషం కట్టిన ఒక మంగలాయన, ఇప్పుడెవరూ వెయ్యని ఒక వేరుశనగ రకం, అన్నీ మొలకలే. సొంత డబ్బా కొట్టుకున్న కుర్ర నాయకుల పేజీలు కూడా దాచాను. ఏది చెత్తో నేను తేల్చడం మొదలుపెడితే నాకూ వాడికీ తేడా ఏముంది? అన్నీ ఒక హార్డ్ డిస్కులో ఎక్కించి బీరువాలో మా ఆవిడ పట్టుచీరల మధ్య పెట్టాను. ఊళ్లోవాళ్ల పీనుగులన్నీ మన బీరువాలోనా అని ఆమె గొణిగింది గాని తీసెయ్యలేదు.

వ్యాసాలే దాచాను, వాటి చర్చ పేజీలు దాచలేదు. వ్యాసం పోతే దాని చర్చ కూడా పోతుందని తెలుసు. పోతే పోనీ, అరుపులు దాచుకుని ఏం చేసుకుంటామని నా లెక్క. ఒక్క ఆ నాలుగంకెలవాడు రాసినవి మాత్రం ఏ చర్చలో కనిపించినా జిరాక్సు అంగడిలో ప్రింటు తీయించి ఫైలు చేశాను. మా నాయన పేజీలో రాసినవి తీసేలోపే తీయించాను కాబట్టి అవే మొదటి కాగితాలు. దొంగ దొరికిన రోజు ఆధారాలు ఉండాలి కదా. ఫైలు అట్ట మీద నల్ల మార్కరుతో పెద్ద అక్షరాలతో "వీడెవడు?" అని రాశాను.

మూడేళ్లలో ఆ ఫైలు ముడికి తాడు చాలీచాలనంత లావైంది. "బడికి పోయినాను. తాళం వేసి ఉండాది. గోడమీద పేరు చెరిగిపోయింది, ఫొటో తీసినా చదవడానికి రాలేదు" అని ఒకచోట. పక్కన నేను ఎర్ర పెన్నుతో, వీడికక్కడ ఏం పని అని రాసుకున్నాను. "వాగు పేరు ఒక ముసలామె చెప్పింది. మజ్జిగ కూడా ఇచ్చింది. అయితే రాసిన చోటు లేదు" అని ఇంకోచోట. దానికి, భూములు కొనేవాళ్లు పంపారా అని నా ఎర్రరాత. తడ దగ్గర ఒక ఊరికి రెండుసార్లు పోయాడు. ఏ పని లేకుండా ఇన్ని ఊళ్లు తిరిగేవాణ్ణి ఎవరు నమ్ముతారు? ఒకసారి కోపం పట్టలేక, నువ్వు తీయించేవన్నీ నేను దాస్తున్నాను, మగవాడివైతే ఫోన్ చెయ్ అని నా నంబరు అతని పేజీలో రాశాను. ఆ సైటు నడిపే పెద్దలెవరో మర్నాడే నంబరు మాత్రం తీసేశారు. ఫోను రాలేదు. పిరికివాడు అని కూడా ఫైల్లో రాసుకున్నాను.

తర్వాత ఉన్నట్టుండి అతని రాతలు ఆగిపోయాయి. వారం చూశాను, నెల చూశాను. వేరే పేరుతో వస్తున్నాడనుకుని కొత్తగా చేరిన ప్రతి వాడుకరి రాతల్లోనూ చూసినాను, పోయినాను అనే మాటల కోసం వెతికాను. దొరకలేదు. నిజం చెబుతున్నాను, పొద్దున కాఫీకి రుచి పోయింది.

రెండు నెలలకు ఒక ఆడమనిషి ఫోన్ చేసి, సార్, మీరు ఇంటర్నెట్‌లో వ్యాసాలు దాస్తారా అని అడిగింది. మోసం అనుకున్నాను. లింకు పంపితే నొక్కనని, ఓటీపీ చెప్పనని ముందే చెప్పేశాను. ఆమె నాలుగు అంకెలు చెప్పింది. ఓటీపీలో మొదటి నాలుగేమో అనుకున్నాను గాని, అంతలోనే గుర్తుపట్టాను. అది వాడి పేరు.

అది మా నాయన బిళ్ల నంబరు సార్ అంది. వాళ్ల నాయన బస్సు కండక్టరట, డ్యూటీలో చొక్కాకు పెట్టుకునే బిళ్ల మీది నంబరట అది. చిత్తూరు డిపోలో చేసి రిటైరయ్యాడు. రెండు నెలల కిందట గుండెనొప్పితో పోయాడు. ఆయన అక్కడ ఏం రాసేవాడో చూద్దామని తెరిస్తే పేజీలన్నీ తొలగించినవే కాబట్టి ఆయన రాతలు ఒక్కటీ కనిపించడం లేదట. మీ దగ్గర ఏమైనా ఉంటే చూస్తానంది. ఆదివారం రమ్మన్నాను. ఫోను పెట్టగానే, కేసేమైనా పెడుతుందా అని మా ఆవిడను అడిగాను. నీకు పచ్చకామెర్లు ముదిరినాయి, ఆ ఫైలు ఇచ్చెయ్ అంది.

ఇస్తే ఎట్లా ఇవ్వాలి? శనివారం సాయంత్రం తెరిచి చూస్తే ప్రతి కాగితం పక్కనా నా ఎర్రరాతలే. అబద్ధం, ఎవరి మనిషి, పిరికివాడు. ఆదివారం పొద్దున జిరాక్సు అంగడి తెరవగానే ఎర్రరాత మీద తెల్ల కాగితం కప్పి శుభ్రమైన కాపీలు తీయిద్దామనుకున్నాను. కండక్టరు కూతురు కదా, మొదటి బస్సుకే వచ్చేసింది. నేను ఇంకా పళ్లు తోముకుంటున్నాను.

నలభై దాటిన మనిషి, బడిలో టీచరట. వాళ్ల నాయన గురించి తనే చెప్పింది. తెలిసినవాళ్లయినా టికెట్టు లేకుండా ఒక్క స్టేజీ కూడా కూర్చోనిచ్చేవాడు కాదట, సొంత బామ్మర్దిని నడిదారిలో దించేశాడట. ఇంట్లో రెండు మాటలకు మూడో మాట ఉండేది కాదు. రిటైరయ్యాక పొద్దున్నే పాసు జేబులో పెట్టుకుని పోయేవాడు, ఎక్కడికని అడిగితే పనుంది అనేవాడు. ఇంకో సంసారం ఉందేమోనని వాళ్లమ్మ ఒకసారి వెనకాలే మనిషిని పంపిందట. ఆ మనిషి వచ్చి, మీ ఆయన మూసేసిన బడి ముందర నిలబడి గోడకు ఫొటో తీస్తా ఉండాడు అని చెప్పాడట. ఆ మాట చెబుతూ ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నా నంబరు ఎక్కడ దొరికిందని అడిగాను. ఆ మాత్రం అనుమానం ఇంకా మిగిలే ఉంది. సంచిలోంచి చిన్న డైరీ తీసి చూపించింది. వంకర అక్షరాల్లో నా నంబరు, దాని ముందు, "చెక్కభజన గురువుగారి కొడుకు."

ఆ పేజీ మీద ఎంతసేపు వేలు పెట్టి కూర్చున్నానో తెలియదు. మా నాయనను గురువుగారు అని ఒకరు పెన్నుతో కాగితం మీద రాయగా నేను చూడటం అదే మొదటిసారి. చేతిరాత, అచ్చు కాదు. ఆ కండక్టరు బతికుంటే ఇది కూడా మూలం కాదనేవాడు.

లేచి బీరువాలోంచి ఫైలు తెచ్చాను. అట్ట సంగతి మరిచిపోయాను. ఆమె చేతికిచ్చాకే, వీడెవడు అన్న ఆ నల్ల అక్షరాలు నాకు కనిపించాయి. ఆమెకూ కనిపించాయి. మొహం చూడలేకపోయాను. అంత సిగ్గు నాకు ఎప్పుడూ వెయ్యలేదు. జేబులోంచి పెన్ను తీసి, ఇట్లా తే అమ్మా, కొట్టేస్తాను, లోపల కూడా పిచ్చి రాతలు రాశాను, అన్నీ కొట్టేసి ఇస్తానన్నాను.

ఆమె ఫైలును తన వైపు లాక్కుంది.

"ఉండనీండి సార్. నేనూ అదే తెలుసుకుందామని వచ్చినా."

అక్కడే కుర్చీలో కూర్చుని, ముడి విప్పి, మొదటి కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది.