లోపలే ఉండిపోయిన గాలి

అప్పటికి మా పాప నెలల పిల్ల. ఒక ఉదయం మామయ్యకు ఉబ్బసం బాగా ముదిరింది. అండమాన్‌లో మా ఊరు బాంబూఫ్లాట్ ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం వేసి, పోర్ట్‌బ్లెయిర్ తీసుకెళ్లమన్నారు. అంబులెన్సుతో సహా ఫెర్రీ ఎక్కాం. గొట్టానికి తగిలించిన రబ్బరు సంచిని నర్సు నిదానంగా నొక్కుతూ ఆయనకు ఊపిరి అందిస్తోంది.

ఇంజెక్షన్ సిద్ధం చేయడానికి ఆమె సంచిని మావారి చేతికిచ్చింది. ఆయన బోటు ఇంజను నడిపే మనిషి. కింద దడదడలాడుతున్న ఫెర్రీ ఇంజనుతో పాటే ఆయన చెయ్యీ వేగం అందుకుంది.

"జల్దీ నొక్కరా, నాన్నకి గాలి సరిపోట్లేదు," అంది అత్తయ్య.

ఆయన ఇంకా జోరు పెంచారు. మామయ్య ఛాతీ పొంగి అలాగే బిగిసిపోయింది. నర్సు మణికట్టు పట్టి చూస్తే నాడి అందలేదు.

"రుకో భయ్యా. లోపలికెళ్లిన గాలి బయటికి రావట్లేదు," అంటూ నర్సు సంచి ఊడదీసి, రెండు చేతులతో ఛాతీని అదిమింది. గొట్టంలోంచి గాలి చాలాసేపు బుస్సుమంటూ వచ్చింది. నాడి మళ్లీ దొరికింది.

ఆ వారంలోనే మామయ్య పోయారు. ఊపిరితిత్తులు అప్పటికే పూర్తిగా పాడయ్యాయని, ఫెర్రీలో జరిగినదానికి దీనికి సంబంధం లేదని డాక్టరు చెప్పారు. మావారు నమ్మారు. అత్తయ్య తలూపింది.

ఇది రాస్తుంటే, ఇంకా ఏడాదైనా నిండని పాప పక్కనే నిద్రపోతోంది. ఊపిరి ఆడుతోందో లేదోనని నేను మాటిమాటికీ వంగి చూస్తున్నాను. అత్తయ్య మాత్రం పాప పొట్ట మీద చెయ్యి వేసి, పైకి లేచిన పొట్ట మళ్లీ కిందికి దిగేదాకా కదలదు.

"దిగిందమ్మా, ఇంక పడుకో," అంటుంది నాతో.